మనుషుల్లేని రేవు

పాటుకి నీళ్ళు దిగేసరికి ఓడల పైలట్ మెనేగో శవమై బయటపడ్డాడు.

సముద్రంలోంచి నగరం ముంగిటికి వచ్చే కాలువ పక్కన, ఓడలకి దారి చూపే గుంజకి అతన్ని నిలువునా కట్టేశారు. చేపల పడవల వాళ్ళు ముందు ఏదో పాత తెరచాప గుంజకి చుట్టుకుందనుకున్నారు. దగ్గరికొచ్చాక టోపీలు తీసి, శిలువ గుర్తు వేసుకుని, నోరెత్తకుండా తాళ్ళు కోశారు.

వెనిస్‌లో శవం తేలడం వింతేమీ కాదు. కానీ కళ్ళు మూసుకుని కూడా ఎంత పెద్ద ఓడనైనా బురద తగలకుండా లోపలికి తేగల మనిషి, పోటు ఎక్కుతుంటే అలా నిలబడి, చూస్తూ చూస్తూ మునిగి చావడం మాత్రం వింతే. ఎవరో అతన్ని ఏదో అడిగారు. అతను చెప్పలేదు. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాక మళ్ళీ అడిగి ఉంటారు. నడుము దాకా వచ్చాక ఇంకోసారి. గడ్డం తడిసినప్పుడు ఆఖరిసారి అడిగి, పడవ తిప్పుకుని వెళ్ళిపోయి ఉంటారు.

విగ్గులు దువ్వే బొర్తొలో అనేవాడికి కబురు మధ్యాహ్నం అందింది. "సెక్రటరీగారి విగ్గుకి పేలు పట్టాయి, వెంటనే రమ్మన్నారు."

పేలు అంటే హత్య. చుండ్రు అయితే దొంగ సరుకు. ఊరందరికీ బొర్తొలో విగ్గులు దువ్వి పౌడరు కొట్టే సన్నటి, పొట్టి మనిషి. నగరాన్ని నిజంగా నడిపే ముగ్గురు పెద్దలకి మాత్రం అతను ఏజెంట్. జుట్టు అప్పగించి కుర్చీలో వెనక్కి వాలిన మనిషి కడుపులో ఏదీ దాచుకోలేడు. ఈ సంగతి ఆ ముగ్గురికీ తెలుసు, బొర్తొలోకి ఇంకా బాగా తెలుసు.

ఆ ముగ్గురి సెక్రటరీ బల్దిస్సేరా అద్దం ముందు కూర్చుని ఉన్నాడు. తలుపు మూసి ఉంది. బొర్తొలో దువ్వెన తీశాడు. వీళ్ళ బ్రీఫింగులన్నీ ఇలాగే సాగుతాయి. గదిలోకి ఎవరొచ్చినా కనిపించేది ఒక మంగలి, ఒక బట్టతల.

"మెనేగో నీకు తెలుసా?"

"చిన్నప్పుడు వాళ్ళ నాన్న పడవలోంచి దూకే ఈత నేర్చుకున్నానండి, అయ్యగారూ."

"నోరు విప్పలేదు. మహానుభావుడు." సెక్రటరీ గొంతు తగ్గించాడు. "ఎల్లుండి సెన్సా పండగ. మన ఏలిక డోజు బంగారు ఓడెక్కి సముద్రాన్ని పెళ్ళాడ్డానికి వెళతాడు. సెనేట్ అంతా ఆ ఓడలోనే. మొక్కు చెల్లించే ఓడలాగా జెండాలు, పూలదండలు కట్టుకుని ఇంకో ఓడ ఎదురొస్తుంది. దాని కడుపు నిండా మందుగుండు. పక్కకి రాగానే పేలుస్తారు."

"ఎవరండీ?"

"ఉత్తరాది గూఢచారుల ముఠా. వాళ్ళ నాయకుడు బారన్ అని చెప్పుకుని తిరుగుతున్నాడు. బొమ్మలు వేయించి కొనుక్కునే సరదా దొర వేషం. ఓడ ఏదో మనకి తెలీదు. ఆ రోజు వందల ఓడలొస్తాయి."

"పండగ ఆపేస్తే పోదా అండి?"

సెక్రటరీ అద్దంలోంచి అతన్ని కసిరినట్టు చూశాడు. "ఈ సముద్రం మాదీ అని ఏటా ఉంగరం వేసి చెప్పుకుంటున్నాం. ఒక్క ఏడు మానేస్తే కాదన్నట్టే. పండగ జరుగుతుంది. ఇవాళే కాలువ గుంజలన్నీ పీకించేస్తున్నాను. పూర్వం జెనోవా వాళ్ళు మీదకొచ్చినప్పుడు మన పెద్దలు చేసిన పనే. గుంజల్లేకపోతే కొత్తవాడి ఓడ బురదలో కూర్చుంటుంది."

"ఇంకేమండీ, గండం గడిచినట్టేగా!"

"గడవలేదు. ఒక పటం ఉంది." సెక్రటరీ ఒక్కొక్క మాటా ఆపి ఆపి అన్నాడు. "మన రేవుని మేడ మీంచి చూసి వేసిన పటం. భవనాలు, గోపురాలు, వాటి ముందు నీళ్ళలో గుంజలు. దేని కింద ఏ గుంజ ఉందో అన్నీ. బారన్ వేయించాడు. గుంజలు నేను నీళ్ళలోంచి పీకగలను గానీ, పటంలోంచి పీకలేను."

"ఎవరు వేశారండీ?"

సెక్రటరీ తల పైకెత్తాడు. అద్దంలో అతని కళ్ళు బొర్తొలో కళ్ళని వెతికి పట్టుకున్నాయి.

"నీ చెల్లెలి మొగుడు, ఇసెప్పో."

దువ్వెన ఆగిపోయింది.

"వాడికేం తెలీదండి, అయ్యగారూ! వాడొట్టి వెర్రిబాగులవాడు! రంగులు తప్ప లోకం తెలీదు వాడికి!"

"నిజమే కావచ్చు. కానీ శత్రువుకి దారి గీసి ఇచ్చాడు. ఓర్ఫానో కాలువ అని ముగ్గురూ తేల్చేశారు. బతిమాలి సెన్సా దాకా ఆపాను. ఎల్లుండికల్లా ఆ పటం వల్ల నగరానికి కీడు లేదని నువ్వు రుజువు చెయ్యాలి. చెయ్యలేకపోతే నేనేం చెయ్యలేను, బొర్తొలో. కాస్త పౌడరు కొట్టు, మీటింగుకి వెళ్ళాలి."

ఓర్ఫానో కాలువలో చేపలవాళ్ళు వల వెయ్యరు. ఎందుకని ఎవరూ అడగరు. సంచిలో మనిషి, సంచికి రాయి. ఈ ఊళ్ళో పుట్టినవాడికి ఇంతకన్నా విడమరిచి చెప్పనక్కర్లేదు.

*

చెల్లెలు ఒర్సెట్టా వంటింట్లో సార్డీన్ చేపలు వేయిస్తోంది. పక్కన ఉల్లిపాయలు వెనిగర్‌లో మగ్గుతున్నాయి.

"రా అన్నయ్యా! దారి తప్పి వచ్చినట్టున్నావే! చెల్లెలు చచ్చిందో బతికిందో చూసి పోదామనా?"

"బావేడి?"

"చెల్లెలెలా ఉందని లేదు గానీ బావేడట! పొద్దున ఫెలిచితాగారి మనిషి వచ్చి పటం పట్టుకెళ్ళాడు. అదే, పాటలు పాడే మహాతల్లి. ఇందాక మళ్ళీ వచ్చి, దొరగారు కింద పేరు రాయమన్నారని ఈయన్నీ తీసుకెళ్ళాడు. తడి ఆరని పటాన్ని చుట్ట చుట్టారని తిట్టుకుంటూ వెళ్ళారు."

బొర్తొలో బల్ల మీద కూలబడ్డాడు. ఫెలిచితా! ఒపేరాలో ఆవిడ పాడుతుంటే సెనేటర్లు చేతిరుమాళ్ళు తడుపుకుంటారు. ఆ సెనేటర్లు తర్వాత వాగిందంతా ముగ్గురు పెద్దలకి చేరవేసేదీ ఆవిడే. అంటే మన మనిషే. హమ్మయ్య, పటం మనవాళ్ళ చేతిలోనే ఉందని ఒక్క క్షణం ఊపిరి పీల్చుకున్నాడు. కానీ మన మనిషైతే పటం సంగతి సెక్రటరీకి ఎందుకు చెప్పలేదు?

"ఆ పటం నువ్వు చూశావా?"

"చూడకేం! నాకు నచ్చలేదన్నయ్యా." ఒర్సెట్టా మూకుడు దింపింది. "ఒక్క పడవా వెయ్యొద్దట. ఒక్క మనిషీ వద్దట. కుక్కని కూడా వెయ్యనివ్వలేదు. నీళ్ళు, ఇళ్ళు, గుంజలు. అంతే. ఖాళీ గోడకి సున్నం కొట్టినట్టుందని ఈయన రోజూ ఒకటే గోల. నాకైతే భయమేసింది. ఊరంతా చచ్చిపోయాక ఎవరో వచ్చి వేసినట్టుంది."

బొర్తొలో లేచాడు. అతని ముఖం చూసి ఒర్సెట్టా చేతిలో గరిటె పక్కన పెట్టేసింది.

"ఏమైంది? అన్నయ్యా, నువ్వు విగ్గులే దువ్వుతావో, ఇంకేం చేస్తావో నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడూ అడగను. ఆయన ఇంటికొస్తారా, రారా?"

"వస్తాడమ్మా."

"ఒట్టెయ్యి."

"మడోన్నా తల్లి మీద ఒట్టు," అన్నాడు బొర్తొలో.

*

"గాలి ఎటు నించి, బొర్తొలో?" అంది ఫెలిచితా, అద్దం ముందు కూర్చుంటూ.

"దక్షిణం నించి, సిన్యోరా. ఇవాళ ఏ విగ్గూ తల మీద నిలవదు."

కోడ్ సరిపోయింది. ఆవిడ నవ్వింది. ఆ నవ్వు చూడ్డానికి ఊళ్ళో సగం మంది అప్పులు చేసి టికెట్లు కొంటారు. సెన్సా పండగ సంతలో తిరగడానికి గౌను, దాని కింద తొడిగే వెదురు చట్రం సిద్ధంగా ఉన్నాయి. పక్కనే నల్ల ముసుగు. లోపలున్న గుండీని పళ్ళతో కరిచి పట్టుకుంటేనే అది ముఖం మీద నిలుస్తుంది. పెట్టుకున్న ఆడది పెదవి విప్పలేదు. మగాళ్ళకి అదో సరదా.

"సెక్రటరీగారు పటం సంగతి కనుక్కోమన్నారా?" ఆవిడే ఎత్తింది. "కంగారు పడకు. అది నా దగ్గరే ఉంది. వేళ చూసి అప్పగిస్తాను."

బొర్తొలో ఆవిడ విగ్గు ఎత్తాడు. కింద సొంత జుట్టులోకి వేళ్ళు పోనిచ్చాడు. వేళ్ళు ఆగిపోయాయి. జుట్టు బిరుసెక్కి ఉంది. కుదుళ్ళ దగ్గర తెల్లగా పొడి. పౌడరు కాదు, ఉప్పు. మధ్యాహ్నం దాటితే గానీ మంచం దిగని మనిషి, చినుకు పడితే గడప దాటని మనిషి, సముద్రపు గాలిలో చాలాసేపు గడిపి వచ్చింది. మెనేగో గడ్డం తడిసేదాకా ఎదురుగా పడవలో కూర్చుని అడిగింది ఎవరో బొర్తొలోకి తెలిసిపోయింది.

అతను ఏమీ అనలేదు. కానీ అద్దం ఉందిగా! అతని ముఖం ఆవిడ చూసింది.

ఆవిడ విసనకర్ర చప్పున మూసుకుంది. దాని కొసన సన్నటి కత్తి బయటికొచ్చింది. బొర్తొలో చేతిలో పౌడరు కొట్టే తిత్తి ఉంది. నొక్కాడు. గదంతా తెల్లటి పొగ. ఆవిడ కెవ్వుమంది. కత్తి అతని చెవి పక్కనించి దూసుకుపోయి కుర్చీలో దిగింది. ఆవిడ కళ్ళు నలుపుకునేలోగా ఆవిడ రవిక తాళ్ళతోనే ఆవిణ్ణి కుర్చీకి కట్టేశాడు.

"ఎంత తెలివి తక్కువవాడివి, బొర్తొలో!" ఆవిడ దగ్గుతూనే నవ్వింది. "నీ బావ రేవు మెట్ల దగ్గర, బారన్ గొండోలా పడవలో బిస్కెట్లు తింటున్నాడు. పటంతో నేను వెళ్ళకపోతే నీ చెల్లెలికి నల్లబట్టలే. గుంజలు పీకేశారుగా, కట్టడానికి గుంజ లేదు. రాయి చాల్లే."

"పటం ఎక్కడ?"

"వెతుక్కో."

వెతకనక్కర్లేకపోయింది. గదిలో అత్తరు వాసన కింద ఇంకో వాసన ఉంది. అవిసె నూనె. ఇంకా ఆరని రంగుల వాసన. బొర్తొలో ముక్కు అతన్ని తిన్నగా ఆ వెదురు చట్రం దగ్గరికి తీసుకెళ్ళింది. చట్రం లోపలి వైపు గుండ్రంగా కాన్వాసు కుట్టేసి ఉంది.

పటాన్ని అక్కడే పొయ్యిలో పడేసి ఉంటే డ్యూటీ అయిపోయేది. చెల్లెలి మొగుడు మాత్రం తిరిగిరాడు. సెక్రటరీ మనుషులకి కబురు పెట్టి, ఆవిణ్ణి అప్పగించి, బొర్తొలో గడ్డం రెండుసార్లు గీసుకున్నాడు. చట్రం తొడిగాడు, గౌను తొడిగాడు, విగ్గు పెట్టాడు, ఆవిడ విసనకర్ర చేత పట్టాడు. నల్ల ముసుగు ముఖానికి ఆన్చి గుండీ కరిచిపట్టాడు. జన్మలో మొదటిసారి ఆడవేషం వేస్తున్నవాడికి ఇంతకన్నా మంచి ముసుగు దొరకదు. ఎవరేమడిగినా జవాబు చెప్పే పని లేదు.

*

సంత జనంతో కిటకిటలాడుతోంది. అన్నీ ముసుగులే. ఎవడు ఎవడో తెలియని ఆ గుంపులో బొర్తొలో నగరాన్ని నడుం చుట్టూ కట్టుకుని, అడుగులో అడుగేసుకుంటూ రేవు మెట్లు దిగాడు. నల్ల కప్పు వేసిన గొండోలా ఆగి ఉంది.

లోపల బారన్. తెల్లటి చేతులు, తెల్లటి కనుబొమ్మలు, ముఖంలో ఎక్కడా వెచ్చదనం లేని మనిషి. అతని వెనక పిస్తోలుతో ఒకడు. మూలన ఇసెప్పో, ఒళ్ళో బిస్కెట్ల పళ్ళెం. ఏం జరుగుతోందో వాడికి రవ్వంత కూడా తెలీదు.

"ఆలస్యం చేశావు," అన్నాడు బారన్. బొర్తొలో తల వంచాడు. చట్రం తీసి ఇచ్చాడు. బారన్ కుట్లు విప్పి పటాన్ని పరిచాడు.

బొర్తొలో ముసుగు కన్నాల్లోంచి చూశాడు. ఒర్సెట్టా చెప్పింది నిజమే. రేవు, పాలెస్, కస్టమ్స్ హౌస్ మీద బంగారు గోళం, నీళ్ళ అవతల సాన్ జోర్జో గోపురం. అంతా ఉంది. చక్కటి ఎండ కూడా ఉంది. మనిషే లేడు. కిటికీల్లో ఆరేసిన బట్ట లేదు, మెట్ల మీద చేపల బుట్ట లేదు. ఎల్లుండి తర్వాత ఈ ఊరు ఎలా ఉండాలని బారన్ కోరుకుంటున్నాడో అలా ఉంది.

"మాస్టరుగారూ," అన్నాడు బారన్, ఇసెప్పోతో. "ఈ గుంజలు ఉన్నవి ఉన్నట్టే వేశారా?"

"అదేం మాట, దొరగారూ!" ఇసెప్పో నొచ్చుకున్నాడు. "చీకటి పెట్టెలో కూర్చుని వేశాను. అద్దంలోంచి రేవు వచ్చి కాగితం మీద పడుతుంది. దాని మీద గీతలు దిద్దడమే నా పని. వెంట్రుకవాసి తేడా ఉండదు!"

అంటుంటే వాడి చెవులు ఎర్రబడ్డాయి.

బొర్తొలో ఉలిక్కిపడ్డాడు. పేకాటలో చేతిలో ముక్క లేకుండా పందెం పెంచిన ప్రతిసారీ వాడి చెవులు అలాగే ఎర్రబడతాయి. అతను మళ్ళీ పటం వైపు చూశాడు. ఈసారి భవనాలు చూడలేదు, గుంజలు చూశాడు. అవి బారులు తీరి సాన్ జోర్జో గోపురం కిందికి నడుస్తున్నాయి. గోపురం కిందకా? అక్కడ మోకాలి లోతు బురద! పాటుకి నీళ్ళు దిగినప్పుడు అక్కడే కదా తను, మెనేగో లాగూలు ఎగ్గట్టుకుని ఆల్చిప్పలు ఏరింది!

ఓరి దుర్మార్గుడా, జరిపేశావా!

నోట్లో గుండీ. అరవడానికి లేదు, అడగడానికి లేదు. బొర్తొలో మెదడు మాత్రం పరుగులు పెట్టింది. బారన్‌ని పట్టుకుంటే ఓడ మిగిలిపోతుంది. పటం చింపేస్తే వీళ్ళు ఇంకో పైలట్‌ని కట్టేస్తారు, వాడు మెనేగో అంత గట్టివాడు కాకపోవచ్చు. పటం వెళ్ళనిస్తే ఓడ తన కాళ్ళతో తనే వచ్చి బురదలో కూర్చుంటుంది. ముసుగు కన్నాలు చిన్నవి, గొండోలాలో వెలుగు తక్కువ. తను చూసింది తప్పైతే? డోజు, సెనేట్, రేవు నిండా జనం, ఆ జనంలో తన చెల్లెలు. అన్నీ ఈ వెధవ చెవుల రంగు మీద పందెం పెట్టాలి.

పెట్టాడు. చేయి చాచి పటం అంచుని బారన్ వైపు నెట్టాడు.

"సరే," అన్నాడు బారన్. "ఇక మాస్టరుగారి సంగతి." వెనకవాడు పిస్తోలు మీద చెయ్యి వేశాడు.

బొర్తొలో విసనకర్ర ఎత్తి అడ్డం పెట్టాడు. తనవైపు చూపించుకున్నాడు. ఆ తర్వాత విసనకర్ర కొసని నెమ్మదిగా గొంతు మీద అడ్డంగా గీసి చూపించాడు. నాకొదిలెయ్యి, అని.

బారన్ మొదటిసారి నవ్వాడు. "నీకు ఈ పని మీద మోజు ఎక్కువైంది, ఫెలిచితా. తీసుకుపో."

*

"అమ్మగారూ, నన్నెక్కడికి తీసుకెళ్తున్నారు?" చిన్న పడవలో ఇసెప్పో అడుగుతూనే ఉన్నాడు. "బిస్కెట్లు చాలా బావున్నాయండి. పేరు రాయనివ్వలేదు గానీ..."

బొర్తొలో ముసుగు ఊడబీకి నీళ్ళలో ఉమ్మాడు.

"నీ బిస్కెట్లు తగలెయ్య!"

"బావా?! నువ్వా?! ఈ గౌనేంటి?"

"నోర్ముయ్యి. గుంజలు జరిపావా, లేదా?"

ఇసెప్పో ముఖం ముడుచుకున్నాడు. "జరపడం అనకు. సర్దాను. పడవలొద్దు, మనుషులొద్దు అంటే బొమ్మ కుడివైపు బోడిగా పడి ఏడుస్తోంది. నేనేం చెయ్యను? గుంజలు తెచ్చి అక్కడ పెట్టాను. కళ్ళకి నిండుగా ఉంది. అందరం సర్దుతాం బావా! గోపురాలు జరుపుతాం, వంతెనలు సాగదీస్తాం. ఉన్నది ఉన్నట్టు వేస్తే ఎవడు కొంటాడు?"

"మరి వెంట్రుకవాసి తేడా లేదన్నావు?"

"కొనేవాడికి అలాగే చెప్తాం."

బొర్తొలోకి వాణ్ణి కౌగలించుకోవాలనీ అనిపించింది, నీళ్ళలో తొయ్యాలనీ అనిపించింది. "ఒక్కసారే జరిపావా?"

"మొదట జరిపాను. నచ్చలేదు, వెనక్కి తెచ్చాను. మళ్ళీ జరిపాను." ఇసెప్పో నుదురు రుద్దుకున్నాడు. "మళ్ళీ వెనక్కి తెచ్చానేమో... ఆగు, గుర్తు చేసుకోనీ."

వాడికి గుర్తు రాలేదు. ఇంటికీ రాలేదు. రేవులో సెక్రటరీ పడవ ఎదురొచ్చి ఇద్దరినీ ఎక్కించుకుంది. ఎక్కుతూనే బొర్తొలో జరిగిందంతా చెప్పాడు. ఫెలిచితాని తీసుకెళ్ళిన పడవ అప్పటికే ఖాళీగా తిరిగొచ్చి పక్కన ఆగి ఉంది. దాని అడుగున తడి తాడు ముక్క పడి ఉంది.

"నీ చేతిలో ఉన్న పటాన్ని నువ్వే శత్రువుకిచ్చావు," అన్నాడు బల్దిస్సేరా.

"ఇచ్చానండి, అయ్యగారూ."

"ఓడ బురదలో కూర్చుంటే సరే. కాలువలోకి వస్తే మాత్రం..."

"తెలుసండి."

"సంచి పెద్దదే తెమ్మంటాను. ఇద్దరికీ కలిపి."

*

సెన్సా పొద్దున గంటలన్నీ ఒకేసారి మోగాయి. బంగారు ఓడ రేవు నించి కదిలింది. తెడ్లు ఒక్కసారిగా లేచి ఒక్కసారిగా పడుతున్నాయి. బూరలు, ఫిరంగులు, వేల పడవలు, మెట్ల నిండా జనం. ఆ జనంలో ఎక్కడో ఒర్సెట్టా ఉంది. మొగుడి కోసం కాలువ గట్లన్నీ వెతికి, చివరికి ఇక్కడికే వచ్చి ఉంటుంది. చెల్లెలికి ఏ ముఖం చూపించాలో అర్థంకాక బొర్తొలోకి దుఃఖం పొర్లుకొచ్చింది.

సెక్రటరీ పడవలో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు, చేతులు కట్టేసి. కాళ్ళ దగ్గర గోనెసంచి. సంచి పక్కన రాయి. ఇసెప్పో ఆ రాయి వైపు చూడకుండా ఉండాలని చూస్తూ దాన్నే చూస్తున్నాడు.

"బావా, నిజంగా మనల్ని...?"

"అవును."

"నేను బొమ్మే కదా వేశాను!"

"అదే నీ ఖర్మ. ఇప్పటికైనా గుర్తొచ్చిందా?"

ఇసెప్పో కళ్ళు మూసుకున్నాడు. పెదవులు కదిలాయి. ప్రార్థిస్తున్నాడేమో అనుకున్నాడు బొర్తొలో. కాదు, గుంజలు లెక్కపెడుతున్నాడు.

మొక్కు ఓడలు ఒక్కొక్కటే సముద్రం వైపు నించి వస్తున్నాయి. వాటిలో ఒకటి మూడు తెరచాపలది. పూలదండలు, సెయింటుల జెండాలు, తప్పెటలు. అన్నిటిలాగే ఉంది. ఒక్కటే తేడా. దాని డెక్ మీద మనుషులు మరీ తక్కువ. ఉన్న నలుగురూ బంగారు ఓడ వైపు చూడ్డం లేదు. పక్కన కట్టిన చిన్న పడవ వైపు చూస్తున్నారు.

"అదేనండి!" బొర్తొలో అరిచాడు.

సెక్రటరీ కాపలా యుద్ధనౌకలైన గ్యాలీలకి జెండా ఊపించాడు. గ్యాలీలు దూరంగా ఉన్నాయి, గాలి ఎదురుగా ఉంది. ఓడ మాత్రం గాలి నిండా పోసుకుని దూసుకొస్తోంది. ముక్కు దగ్గర తెల్లటి చేతుల మనిషి ఒక పెద్ద గుడ్డ పట్టుకుని నిలబడ్డాడు. గుడ్డ వైపు, గోపురం వైపు, గుడ్డ వైపు, గోపురం వైపు చూస్తున్నాడు. చెయ్యి ఊపాడు. డెక్ కింద నించి సన్నగా పొగ లేచింది. నిప్పుతాడు అంటించేశారు. చుక్కాని పట్టినవాడు తప్ప మిగతావాళ్ళు చిన్న పడవలోకి దిగుతున్నారు.

బంగారు ఓడ మీద డోజు టోపీ మెరుస్తూ కనిపిస్తోంది. అంత దగ్గర.

ఓడ కాలువలోనే వస్తోంది. నేరుగా, నదురు బెదురు లేకుండా. సెక్రటరీ వెనక్కి తిరిగి తన మనుషులకి తల ఊపాడు. ఒకడు సంచి విప్పాడు. ఇసెప్పో బొర్తొలో భుజం మీద తల వాల్చి ఏడవడం మొదలుపెట్టాడు. "ఒర్సెట్టాకి చెప్పు బావా..." అన్నాడు, చెప్పడానికి బావ కూడా సంచిలోనే ఉంటాడని మర్చిపోయి.

బారన్ మళ్ళీ చెయ్యి ఊపాడు. ఓడ ముక్కు తిరిగింది. సాన్ జోర్జో గోపురం వైపు.

ఒక్కసారిగా ఓడ ఆగిపోయింది. గోడకి గుద్దుకున్నట్టు ఆగింది. కొయ్యలు విల్లులా వంగాయి, పూలదండలు తెగి డెక్ మీద పడ్డాయి, తెల్లటి చేతుల మనిషి పటంతో సహా ఎగిరి ముందుకు పడి నడుం దాకా బురదలో దిగబడ్డాడు. నీళ్ళు దిగుతున్న వేళ అది. ఓడ మెల్లగా, ముసలి గేదె పడుకున్నట్టు, పక్కకి ఒరిగింది. పలకలు విచ్చుకున్నాయి. నీళ్ళు లోపలికి పోతున్న చప్పుడు ఫిరంగుల మోతలో కూడా వినిపించింది.

పొగ ఇంకా వస్తూనే ఉంది. సెక్రటరీ పడవలో అందరూ దాన్నే చూస్తున్నారు. పొగ సన్నబడింది, ఆగింది.

తర్వాత బురదలో ఈదుకుంటూ వెళ్ళి ఎక్కిన సైనికులు చెప్పారు, నిప్పుతాడు పీపాలకి జానెడు దూరంలో నీళ్ళు తగిలి ఆరిపోయిందని. బంగారు ఓడ మీద ఈ సంగతి ఎవరికీ తెలీదు. ఎవడో చేతకాని కెప్టెన్ ఓడని బురదలోకి ఎక్కించాడని నవ్వుకుంటూ వెళ్ళారు. డోజు ఉంగరం విసిరాడు. సముద్రంతో పెళ్ళయిపోయింది.

సెక్రటరీ బల్దిస్సేరా విగ్గు తీసి ముఖం తుడుచుకున్నాడు. బొర్తొలో కట్లు తనే విప్పాడు. ఆ తర్వాత ఇసెప్పోకి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"ముగ్గురు పెద్దలకీ నేను ఒక్కటే చెప్పగలను. ఇతను వేసింది తప్పుడు పటం, ఎందుకూ పనికిరానిది, కాబట్టి శత్రువుకి దారి చూపినట్టు కాదు, అని. ఆ మాట ఇతను తన నోటితో చెప్పాలి. చెప్పు. నీ పటం తప్పు."

ఇసెప్పో కన్నీళ్ళు ఠక్కున ఆగిపోయాయి. "తప్పా?"

"తప్పని చెప్పు, ఇంటికి పో."

"అయ్యగారూ, మీరు ఆ పటం చూశారా? కుడివైపు గుంజలు పెట్టాక ఎంత నిండుగా..."

బొర్తొలో వాడి పాదం మీద మడమ పెట్టి బలమంతా ఉపయోగించి తొక్కాడు. సంచి పట్టుకున్నవాడు ఇంకా సంచి మడతపెట్టలేదు.

ఇసెప్పో ఒకసారి సంచి వైపు, ఒకసారి రేవు మెట్ల మీద జనంలోంచి తోసుకుంటూ పరిగెత్తుకొస్తున్న ఒర్సెట్టా వైపు చూశాడు. చేదు మందు మింగుతున్నవాడిలా కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. "తప్పే," అన్నాడు.

పడవ మెట్లకి తగిలింది. ఒర్సెట్టా మొగుణ్ణి పట్టుకుని ఏడ్చింది, కొట్టింది, మళ్ళీ ఏడ్చింది. అన్నయ్య చెయ్యి కళ్ళకి అద్దుకుంది. ముగ్గురూ ఇంటివైపు నడిచారు. మొదటి వంతెన ఎక్కేదాకా ఇసెప్పో నోరెత్తలేదు. వంతెన మీద ఆగి వెనక్కి తిరిగాడు. దూరంగా ఒరిగిపోయిన ఓడని, దాని చుట్టూ మెరుస్తున్న నీళ్ళని ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు.

"బొమ్మ సరిగ్గానే ఉంది బావా," అన్నాడు. "కాలువే ఉండకూడని చోట ఉంది."